పగలు ఇంట్లో ఉండేది ఎవరు?

(బెంగళూరు రామమూర్తి నగరలో, కొత్తగా ఈ ఊరికి వచ్చిన తెలుగు కుటుంబాల కోసం జరిగిన ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అమ్మలకు, అక్కలకు, అన్నదమ్ములకు నమస్కారం. పంచాంగం గురించి, పచ్చడిలోని ఆరు రుచుల గురించి నాకు ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు కనుక ఆ మాటలను నేను మళ్ళీ ఎత్తుకోను. కొత్తగా వచ్చినవారికి స్వాగతం చెప్పమని నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఇంకా ఇల్లు దొరకని కుటుంబాలు ఈ హాలులో పదిహేను దాకా ఉన్నాయని ఇందాక కాఫీల దగ్గర తెలిసింది. అలాంటివారికి శాలువా కప్పి స్వాగతం చెప్పడం కన్నా, ఏ పేటలో ఇల్లు తీసుకోవాలో ఆలోచించడానికి సాయపడడమే మేలని నాకు తోచింది. అందుకని ఈ ఇరవై నిమిషాలనూ దానికే వాడుకుంటున్నాను.

మనవాళ్ళు ఇల్లు వెతికే పద్ధతి నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. విజయవాడ నుంచో, కర్నూలు నుంచో, హైదరాబాదు నుంచో ఉద్యోగం కాగితం చేతికి రాగానే ఫోనులో మ్యాపు తెరిచి, ఆఫీసు ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, దాని చుట్టూ మూడు కిలోమీటర్లలో ఏ పేటలు ఉన్నాయో చూసి, అందులో బాడుగ అందుబాటులో ఉన్నదానిని ఎంచుకుని, ఒక ఆదివారం వచ్చి రెండు ఇళ్ళు చూసి, సాయంత్రానికి అడ్వాన్సు ఇచ్చి వెళ్ళిపోతారు. ఈ ఊరి రోడ్లు తెలిసినవారెవరూ దానిని తప్పని అనలేరు. కానీ ఆ లెక్కలో ఉన్నది ఒక్కరే, ఆఫీసుకు వెళ్ళే మనిషి. ఆ మనిషి ఉదయం తొమ్మిదింటికి తలుపు దగ్గరకు వేసి వెళ్ళిపోయాక, రాత్రి ఎనిమిదింటి దాకా ఆ ఇంట్లో, ఆ వీధిలో, ఆ పేటలో బతికేది ఎవరు? ఇంటి కోసం బయలుదేరే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండని అడగడానికే నేను ఇక్కడ నిలబడ్డాను.

నేను 2004లో ఒంగోలు నుంచి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాను. 2009 చివర మా నాన్నగారు పోయారు. మరుసటి సంక్రాంతి వెళ్ళగానే అద్దంకి దగ్గరి మా పల్లె నుంచి అమ్మను తీసుకొచ్చుకున్నాను. అమ్మ వస్తున్నదని కొంచెం మంచి ఇల్లు తీసుకోవాలనుకుని, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన, నా ఆఫీసుకు రెండు కిలోమీటర్లలో, ఆరో అంతస్తులో ఒక ఫ్లాటు తీసుకున్నాను. లిఫ్టు ఉంది, జనరేటరు ఉంది, గేటు దగ్గర కాపలా ఉంది, కిటికీలోంచి చెరువు కనిపిస్తుంది. నా భార్య బడిలో టీచరు కనుక ఉదయం ఏడింటికే వెళ్ళేది, పిల్లలు నాలుగింటికి వచ్చేవారు. ఆ మధ్య తొమ్మిది గంటలు అమ్మ ఒక్కతే ఉండేది. మా ఊళ్ళో సాయంకాలం అయ్యేసరికి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు చేరకపోతే ఆమెకు పొద్దు గడిచేది కాదు. ఎవరి గేదె ఈనిందో, ఎవరి కోడలికి నెల తప్పిందో మొదట ఆమెకే తెలిసేది. అలాంటి మనిషికి నేను తెలుగు ఛానళ్ళు వచ్చే టీవీ ఒకటి కొనిచ్చి, లోటేమీ లేదనుకున్నాను.

ఒకరోజు నాకు జ్వరం వచ్చి మధ్యాహ్నం మూడింటికే ఇంటికి వచ్చాను. కింద లిఫ్టు దగ్గర, వచ్చేపోయేవారి కోసం వేసిన కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా కాపలా అబ్బాయి నిలబడి ఉన్నాడు. అతనిది ఒడిశాలోని బరంపురం, అందుకని అతనికి తెలుగు వచ్చు. అమ్మ అతనికి మా ఊరి తిరునాళ్ళ గురించి చెబుతున్నది. నన్ను చూడగానే చటుక్కున లేచి, ఏదో తప్పు చేసినట్లు, "ఊరికే వచ్చాను నాయనా" అన్నది. ఆ తరువాత తెలిసింది, ఆమె మూడు నెలలుగా రోజూ ఆ వేళకు కిందికి దిగుతున్నదని. అన్ని వందల మంది ఉన్న ఆ ప్రాంగణంలో మా అమ్మ మాట అర్థమయ్యే మనిషి పగటిపూట అతనొక్కడే.

దయచేసి ఈ మాట కాస్త శ్రద్ధగా వినండి. ఇంకొక నెల గడిచాక అక్కడి నివాసితుల సంఘం నుంచి మాకు ఒక కాగితం వచ్చింది. అద్దెకు ఉన్నవారి బంధువులు కాపలా సిబ్బందితో కబుర్లు చెప్పడం వల్ల వారి పనికి ఆటంకం కలుగుతున్నదని అందులో రాశారు. అమ్మ ఆ కాగితాన్ని చూసి, "ఏం రాశారు నాయనా?" అని అడిగింది. నీళ్ళ బిల్లమ్మా అని చెప్పాను. మరునాడు పొద్దున, ఎండలో కిందికి దిగవద్దని, లిఫ్టు దగ్గర కూర్చోవద్దని నేనే ఆమెకు చెప్పాను. ఆమె మళ్ళీ దిగలేదు. ఆ కాగితం రాసినవారి మీద నాకు ఈనాటికీ కోపం ఉంది. కానీ ఆ పేటను ఎంచినవాడిని నేను, ఆ మాట ఆమెకు చెప్పినవాడిని కూడా నేనే.

అప్పుడే ఖాళీ చేయాలనుకున్నాను. ఇక్కడే అడ్వాన్సు సంగతి వస్తుంది. పది నెలల బాడుగ అడ్వాన్సుగా తీసుకోవడం ఈ ఊళ్ళో ఏళ్ళ తరబడి నడిచిన వాడుక. కేంద్ర ప్రభుత్వం 2021లో తయారుచేసిన నమూనా అద్దె చట్టం నివాస గృహానికి రెండు నెలలకు మించి తీసుకోకూడదని అంటున్నది గాని, పేరులోనే ఉన్నట్లు అది నమూనా, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే దానికి బలం. సంవత్సరం దాటిన కౌలు పత్రాన్ని రిజిస్టరు చేయించాలి కనుక అందరూ పదకొండు నెలలకే ఒప్పందం రాసుకుంటారు. నా ఒప్పందంలో పదకొండు నెలలకు ముందే వెళితే రెండు నెలల బాడుగ కోత అని ఉంది, అందుకని పదకొండు నెలలూ ఉన్నాను. ఆ తరువాత కొత్తగా చేరేవారు అడ్వాన్సు ఇస్తే తప్ప నా డబ్బు తిరిగి రాదని యజమాని అన్నాడు, అందుకని ఇంకొక మూడు నెలలు ఉన్నాను. చివరికి రంగుల ఖర్చు కింద ఒక నెల బాడుగ పట్టుకుని మిగతాది ఇచ్చాడు. మొత్తం పద్నాలుగు నెలలు. డబ్బు కోసం నేను మా అమ్మను ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టిన కాలం అది. అందుకే చెబుతున్నాను, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో, ముందుగా వెళితే ఎంత కోస్తారో, రంగులకు ఎంత పట్టుకుంటారో ఒప్పందంలో రాయించకుండా సంతకం పెట్టవద్దు. బేరం బాడుగ మీద కన్నా ముందు ఈ మూడు మాటల మీద ఆడండి.

అక్కడి నుంచి ఈ రామమూర్తి నగరకు, కింది వాటాలో ఒక పాత ఇంటికి వచ్చాము. లిఫ్టు లేదు, చెరువు లేదు, నా ఆఫీసు దూరమైంది. వీధి మొదట్లో గుడి, నాలుగు అడుగుల్లో పూల అంగడి, గడప ముందు ఒక అరుగు ఉన్నాయి. పక్కింట్లో కోలారు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది, ఆమె కన్నడం, మా అమ్మ తెలుగు. వీరిద్దరూ మొదటి వారంలోనే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా అమ్మ అద్దె అంటే ఆమెకు తెలిసేది కాదు. ఆమె బాడిగె అంటే, రాయలసీమలో మన చుట్టాలు బాడుగ అనే మాటే కదా అని అమ్మ పట్టుకునేది. అమ్మ ఆ అరుగు మీద మరో మూడేళ్ళు బతికింది. నేను రోజూ రానూ పోనూ మూడు గంటలు బస్సులో గడిపాను, నాకు దాని వల్ల ఏ నష్టమూ జరగలేదు.

నా వాదన అంతా ఈ చివరి మాటలోనే ఉంది. ఉద్యోగానికి వెళ్ళే మనిషి దూరాన్ని ప్రయాణంతో దాటగలడు. ఇంట్లో ఉండిపోయే మనిషి ఏ బస్సు ఎక్కి తన ఒంటరితనాన్ని దాటుతుంది? పైగా నేను పడ్డ కష్టం మీరు పడనక్కరలేదు. 2011 అక్టోబరులో మొదటి మెట్రో నడిచింది బైయప్పనహళ్ళి నుంచి ఎం.జి. రోడ్డు దాకా మాత్రమే. 2023 అక్టోబరు నుంచి అదే ఊదా మార్గం ఇటు వైట్‌ఫీల్డు కడుగోడి దాకా, అటు చల్లఘట్ట దాకా నడుస్తున్నది. 2025 ఆగస్టు నుంచి పసుపు మార్గం ఆర్.వి. రోడ్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్రకు వెళుతున్నది. అంటే ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం వచ్చినవారు అక్కడే ఉండాలన్న నియమం పోయింది, జయనగర వైపు పాత వీధుల్లో, అంగళ్ళూ గుళ్ళూ నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉన్నచోట ఇల్లు చూడవచ్చు. ఆఫీసు చుట్టూ గీసే వృత్తాన్ని మెట్రో స్టేషను చుట్టూ, నడకదూరం మేరకు గీసుకోండి. సొంత ఊరి దారి కూడా లెక్క వేసుకోండి. అనంతపురం, కర్నూలు వారికి హెబ్బాళ, యలహంక వైపు ఉంటే హైదరాబాదు రహదారి చేతికందుతుంది. చిత్తూరు, తిరుపతి వారికి కె.ఆర్. పురం వైపు మేలు. అమ్మానాన్నలు ఒంటరిగా బస్సు దిగి ఇంటికి రాగలగడం చిన్న విషయం కాదు.

నీళ్ళ గురించి కూడా ఇదే ప్రశ్న వేయండి. ట్యాంకరు వచ్చేది, మోటారు వేసేది, నేల కింది నీళ్ళ తొట్టి, అంటే సంపు, నిండిందో లేదో చూసేది పగలు ఇంట్లో ఉండే మనిషే. ఈ ఊరికి కావేరి నీళ్ళు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, పల్లం నుంచి ఎత్తుకు మోటార్లతో ఎక్కి వస్తాయి. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాలకు కావేరి నీళ్ళు ఇవ్వడానికి ఉద్దేశించిన కావేరి నీటి పథకం అయిదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది. అదే సంవత్సరం మార్చిలో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల ధరలను ప్రభుత్వమే నిర్ణయించవలసి వచ్చింది. కాబట్టి "నీళ్ళకు ఇబ్బంది లేదు" అన్న మాటతో తృప్తి పడవద్దు. కావేరి కనెక్షను ఈ ఇంటికి ఉందా, వారంలో ఎన్ని రోజులు, ఏ వేళకు వస్తుంది, బోరు ఎండితే ట్యాంకరు డబ్బు ఎవరిది అని యజమానిని కాక పక్కింటివారిని అడగండి. ఇల్లు చూడడానికి ఏప్రిల్‌లో వెళ్ళండి. డిసెంబరులో ఏ సంపు మూత ఎత్తినా నిండుగానే ఉంటుంది.

వానాకాలానికి కూడా అంతే. 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు వైపు ఖరీదైన విల్లాల్లోంచి మనుషులను ట్రాక్టర్లలో, పడవల్లో బయటికి తెచ్చారు. చెరువు నుంచి చెరువుకు నీటిని తీసుకుపోయే రాజకాలువల దారిలో ఇళ్ళు లేచినచోట నీరు ఇళ్ళలోకే వస్తుంది. ప్రహరీ గోడ మీద మోకాలి ఎత్తున మరక గీత ఉందేమో చూడండి, మూలమీది పంక్చరు అంగడివాడిని అడగండి. పిల్లల చదువుకు కూడా ఒక మాట: 2015 చట్టం ప్రకారం ఇక్కడి బడుల్లో కన్నడం నేర్పవలసిందే. తెలుగు అక్షరాలు వచ్చిన పిల్లలకు అది కష్టం కాదు, అందుకని ఆ భయంతో మాత్రం పేటను ఎంచుకోవద్దు.

నాకు చీటీ అందింది, సమయం అయిపోయిందట. ఒక్క నిమిషం. వెనక వరసలో కూర్చున్న దంపతులు ఇందాక నాతో మాట్లాడారు. బాపట్ల నుంచి వచ్చి పది రోజులయింది, కడుగోడిలో ఒక ఫ్లాటుకు ఈ ఆదివారం అడ్వాన్సు ఇవ్వబోతున్నారు, అబ్బాయి వాళ్ళ అమ్మగారు వచ్చే నెల వస్తున్నారు. బాబూ, ఆ ఇల్లు ఎన్నో అంతస్తు అని అడిగితే తొమ్మిది అన్నావు. ఆమె పగలు ఎవరితో మాట్లాడుతుందని అడిగితే నువ్వూ మీ ఆవిడా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆదివారం ఆ ఇంటికి వెళ్ళేటప్పుడు నన్ను కూడా తీసుకువెళ్ళండి. నేను సంపు మూత ఎత్తించి చూస్తాను, ఒప్పందం చదువుతాను. ఆ తరువాత ముగ్గురం కింద గేటు దగ్గర ఒక గంట కూర్చుని, మధ్యాహ్నం పూట అక్కడ ఎవరెవరు తిరుగుతారో చూద్దాం.