పాలసీసాను చేత్తో చదవడం

అందరికీ నమస్కారం. పాత పాలసీసాలు పోగుచేసేవాళ్లు ఎక్కువగా ఉన్నది అమెరికాలో. అందుకే నా ఉదాహరణలన్నీ అక్కడివే.

సీసాలు రాకముందు పాలవాడు బండి మీద డబ్బా తెచ్చి, కొలపాత్రతో ముంచి పోసేవాడు. మూత తీసిన ప్రతిసారీ వీధి దుమ్మంతా పాలలో పడేది. న్యూయార్క్ రాష్ట్రంలోని పాట్స్‌డామ్‌కు చెందిన హెర్వీ థాచర్ 1880లలో తన సీసాను అమ్మకానికి తెచ్చాడు. ఆవును పితికే మనిషి బొమ్మ దాని గాజు మీద ఉబ్బెత్తుగా ఉంటుంది. దీనికి తర్వాతి కాలంలో నకళ్లు చాలా వచ్చాయి, తొందరపడి కొనకండి. 1889లో మూతి లోపలి గట్టు మీద అట్టబిళ్ల కూర్చోబెట్టే పద్ధతికి పేటెంట్ వచ్చింది. ఖరీదైన తీగ మూతల బెడద తప్పింది. నన్నడిగితే, పాలవ్యాపారాన్ని మార్చింది సీసా కాదు, ఆ బిళ్ల.

ఇక సీసా చేతికి తీసుకోండి. పక్కనున్న అచ్చు గీత మీద గోరు పోనివ్వండి. గీత మూతి కింద ఆగిపోతే, చాలావరకు ఆ మూతిని చేత్తో దిద్దారన్నమాట. అంచు దాకా ఎక్కితే యంత్రం పని. డైరీ పేరు ఉబ్బెత్తుగా ఉండి చుట్టూ వలయం కనిపిస్తే, ఒకే అచ్చులో పేరున్న పలక మాత్రం మార్చి పోశారు. ఊరికో డైరీ ఉన్న రోజుల్లో అదే చవక. 1930ల మధ్య నుంచి రంగు అక్షరాలు వచ్చాయి. గాజుపొడి కలిపిన రంగును అద్ది, కొలిమిలో కాల్చేవారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ప్రభుత్వం అమ్మిన బాండ్ల నినాదాలున్న సీసాలకు గిరాకీ ఎక్కువ. మెడ ఉబ్బి, అందులో పసిపిల్ల ముఖం అచ్చుపోసిన సీసాలకు ఇంకా ఎక్కువ. పాలను హోమోజనైజ్ చేయని, అంటే మీగడ విడిపోకుండా పాలలో కలిపేయని రోజుల్లో మీగడ పైకి తేలి ఆ ఉబ్బులో నిలిచేది. గరిటెలాంటి చెంచాతో మెడను మూసి, మీగడ ఒక్కటే వంచుకునేవారు.

వాడిన సీసాకు భుజం దగ్గర, మడమ (అడుగు అంచు) దగ్గర రాపిడి పట్టీలుంటాయి. పెట్టెలో పక్క సీసాలు తగిలి పడ్డ గీతలవి, అడ్డదిడ్డంగా ఉంటాయి. అన్నీ ఒకే దిశలో ఉంటే గరుకు కాగితం పనేమోనని అనుమానించండి. ముదురు ఊదా రంగును చూసి మోసపోకండి. మాంగనీస్ ఉన్న పాత గాజు ఎండకు లేత ఊదాగా మారుతుంది, కానీ ముదురు రంగు చాలాసార్లు కృత్రిమ కిరణాలతో తెప్పించినదే.

లోపల తెల్లటి మబ్బు ఉంటే నీళ్లతో తడపండి. తడిస్తే మాయమై, ఆరితే మళ్లీ కనిపించేది గాజుకు పట్టిన తెగులు, ఎంత కడిగినా పోదు. సున్నపు పొరైతే వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, బ్రష్‌తో తోమితే వదులుతుంది. రంగు అక్షరాలున్న సీసాలో లోపల మాత్రమే పోయండి, బయట రంగుకు తగలనివ్వద్దు. చల్లటి సీసాలో వేడినీళ్లు పోస్తే పగులుతుంది. డిష్‌వాషర్‌లో పెడితే రంగు పాలిపోతుంది. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండేది కాబట్టి, రంగు సీసాలు అలమరాకే గానీ పాలు తాగడానికి కావు.