రమ్మీ యాప్‌లో మొత్తం పోగొట్టుకున్నా రిటర్న్ వేయాలా?

హోస్ట్: నమస్కారం. 2025-26 రిటర్న్‌ల సీజన్ కదా, ఈ వారం మనకొచ్చిన మెసేజ్‌లలో సగం ఒకే గొడవ. "రమ్మీ ఆడాను, పోయిందే గానీ వచ్చింది లేదు. ఏఐఎస్ (మన పాన్ మీద పన్ను శాఖకు చేరిన సమాచారం చూపే పత్రం) తెరిస్తే ముప్పై వేలు గెలిచినట్టు కనిపిస్తోంది. ఇదెక్కడి న్యాయం?" అని. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. అక్కా, నువ్వు రోజూ ఇలాంటివాళ్ల రిటర్న్‌లే చూస్తుంటావు కదా, చెప్పు.

సీఏ: అందులో అన్యాయమేమీ లేదు తమ్ముడూ, లెక్క సగంలో ఆగిపోయిందంతే. అంకెలతో చూద్దాం. ఒకాయన ఏప్రిల్‌లో యాప్‌లో 20 వేలు వేశాడు. ఆట కలిసొచ్చి జూన్‌కి బ్యాలెన్స్ 70 వేలైంది. 50 వేలు విత్‌డ్రా కొట్టాడు. యాప్ ఏం చూస్తుంది? తీసింది 50, నువ్వు వేసింది 20, అంటే నికర గెలుపు 30 వేలు. దాని మీద 30 శాతం, 9 వేలు టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేముందే పట్టుకునే పన్ను, కోసి, 41 వేలు బ్యాంకులో వేస్తుంది. సెక్షన్ 194బీఏ ఇదే. 2023 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది.

హోస్ట్: లాటరీకైతే పది వేలు దాటితేనే కదా కోసేది?

సీఏ: లాటరీకి ఆ పరిమితి ఉంది. ఆన్‌లైన్ ఆటకు లేదు. నెలలో తీసిన దాంట్లో గెలుపు వంద రూపాయలు దాటకపోతే అప్పటికప్పుడు కోయక్కర్లేదని ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీ సర్క్యులర్ ఇచ్చింది, అంతే. సరే, ఆయన దగ్గరికి వద్దాం. యాప్‌లో ఇంకా 20 వేలు మిగిలాయి. జులైలో ఊపు మీద మరో 30 వేలు వేశాడు. ఆగస్టుకల్లా ఆ యాభై వేలూ ఊడ్చుకుపోయాయి.

హోస్ట్: అంటే జేబులోంచి పోయింది యాభై, తిరిగొచ్చింది నలభై ఒకటి.

సీఏ: ఆ తేడా 9 వేలు చూశావా? అది యాప్ తినలేదు. టీడీఎస్ రూపంలో ఆయన పాన్ మీద ప్రభుత్వం దగ్గరుంది. ఏడాది మొత్తానికి ఆదాయపు పన్ను రూల్ 133 చెప్పే లెక్క ఏంటంటే, తీసిన డబ్బుకి మార్చి 31న యాప్‌లో మిగిలింది కలుపు. అందులోంచి నువ్వు వేసిన డబ్బు, ఏప్రిల్ 1న ఉన్న పాత బ్యాలెన్స్ తీసెయ్. ఈయనకు తీసింది 50 వేలు, మిగిలింది సున్నా, వేసింది 50 వేలు, పాత బ్యాలెన్స్ సున్నా. గెలుపు కూడా సున్నానే. గెలుపు లేకపోతే పన్ను లేదు. కోసిన 9 వేలు రీఫండ్ అడగొచ్చు.

హోస్ట్: పోగొట్టుకున్నవాడికే రీఫండ్! మనవాళ్లలో చాలామంది "పోయిందిలే, రిటర్న్ దేనికి" అని వదిలేస్తున్నారు.

సీఏ: నా బాధ కూడా అదే. గెలిచినవాళ్లు భయపడి దాస్తారు, ఓడినవాళ్లు సిగ్గుపడి దాస్తారు. ఏఐఎస్‌లో కనబడేది జూన్ విత్‌డ్రా రోజు నాటి ముప్పై వేలు. తర్వాత ఆయన ఓడిపోయిన సంగతి అందులో ఉండదు. అది చెప్పుకోవాల్సింది మనమే, రిటర్న్‌లోనే. దానికి ఆధారం కావాలి. యాప్ ఇచ్చే ఏడాది స్టేట్‌మెంట్, బ్యాంకు స్టేట్‌మెంట్, టీడీఎస్ కోసినట్టు ఇచ్చే సర్టిఫికెట్ ఫారం 16ఏ. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం రావడంతో పెద్ద యాప్‌లన్నీ డబ్బు ఆటలు ఆపేశాయి కదా. ఆటలు ఆగిన యాప్‌లో పాత లావాదేవీలు ఎంతకాలం కనిపిస్తాయో ఎవరూ హామీ ఇవ్వరు. ఇప్పుడే దించుకోండి.

హోస్ట్: ఓడిపోయింది ఇంకా ఎక్కువుంటే? యాభైకి బదులు ఎనభై వేలు వేశాడనుకో.

సీఏ: రీఫండ్ అదే 9 వేలు. పైన పోయిన ముప్పై వేలు జీతంలోంచి తీసివేయలేం, వచ్చే ఏడాదికి మోసుకెళ్లలేం. అప్పు చేసి ఆడితే ఆ వడ్డీకీ తగ్గింపు లేదు.

హోస్ట్: ఒక యాప్‌లో గెలిచి, ఇంకో యాప్‌లో పోతే?

సీఏ: టీడీఎస్ దగ్గర ఏ యాప్ లెక్క ఆ యాప్‌దే. ఒకే కంపెనీలో నీకు రెండు ఖాతాలుంటే అవి కలుస్తాయి. వేర్వేరు కంపెనీల మధ్య కాదు. రిటర్న్‌లో ఒకదాని నష్టం ఇంకోదాని లాభంలో కలిపేద్దామని కొందరు అడుగుతారు. నేనైతే కలపను. నోటీసొస్తే వాదించుకోవాల్సింది క్లయింటే కదా.

హోస్ట్: బోనస్ సంగతి? "మీ ఖాతాలో 500 వేశాం" అని వచ్చేది.

సీఏ: అది నీ జేబులోంచి వెళ్లలేదు, కాబట్టి నువ్వు వేసిన డబ్బు కింద తీసివేయడానికి లేదు. ఆడుకోడానికే తప్ప తీసుకోడానికి వీల్లేని బోనస్‌ని అసలు పట్టించుకోరు. తీసుకునే వీలు వచ్చిన రోజు నుంచి లెక్కలోకొస్తుంది.

హోస్ట్: ఇప్పుడు నిజంగా గెలిచినవాళ్ల దగ్గరికి వద్దాం. మొన్న బెంగళూరు నుంచి ఒక కుర్రాడు రాశాడు, అక్కడ చదువుకుంటున్నాడు. ఫాంటసీ క్రికెట్‌లో లక్ష గెలిచాడు, 30 వేలు కోశారు. వేరే ఆదాయం లేదు. "12 లక్షల దాకా పన్ను లేదంటున్నారుగా, ముప్పై వేలూ వెనక్కి వస్తాయా?" అని.

సీఏ: రావు. పైగా ఇంకో 1,200 కట్టాలి.

హోస్ట్: అయ్యో, అదేంటి?

సీఏ: ఆన్‌లైన్ ఆటల గెలుపుకున్న సెక్షన్ 115బీబీజే కింద పన్ను ఫ్లాట్ 30 శాతం. శ్లాబులు లేవు, బేసిక్ మినహాయింపు దీనికి అడ్డుపడదు. పొదుపుల మీద వచ్చే 80సీ తగ్గింపు కూడా పనిచేయదు. 12 లక్షల మాట కొత్త విధానంలో శ్లాబు రేటు ఆదాయానికిచ్చే రిబేట్, అంటే పన్ను మాఫీ. ఇలాంటి ప్రత్యేక రేటు ఆదాయానికి అది వర్తించదు. ఆపైన 4 శాతం సెస్ ఉంది, కాబట్టి అసలు పన్ను 31.2 శాతం. యాప్ కోసింది 30. ఆ మిగతా 1.2 శాతం చాలామంది చూసుకోరు. యాప్ కోసేసింది, మన పనైపోయిందనుకుంటారు. ఇంకోటి, అరవై ఏళ్లలోపువాళ్లకు ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ (అమ్మేవాళ్లు వసూలు చేసే పన్ను) కలిపి 25 వేలు, ఆపైన ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా రిటర్న్ తప్పనిసరి. ఈ కుర్రాడికి 30 వేలుంది.

హోస్ట్: ఏ ఫారం?

సీఏ: సాదా రిటర్న్ ఫారం ఐటీఆర్-1 పనికిరాదు. జీతం ఒక్కటే ఉన్న ఉద్యోగి కూడా రమ్మీ గెలుపుంటే ఐటీఆర్-2కి రావాల్సిందే. అందులో ఇతర ఆదాయాల పట్టిక, షెడ్యూల్ ఓఎస్ తెరువు. లాటరీ, పజిల్ గెలుపులకు 115బీబీ అని ఒక గడి, దాని పక్కనే ఆన్‌లైన్ ఆటలకు 115బీబీజే అని వేరే గడి. తొందర్లో పై దాంట్లో వేసేస్తారు. రేటు అదే కదా అనకు, టీడీఎస్ కోడ్‌తో సరిపోలాలి. ఆ షెడ్యూల్ అడుగున ఇంకో పట్టిక ఉంటుంది, గెలుపు ఏ తేదీల మధ్య వచ్చిందో ఐదు ముక్కలుగా అడుగుతుంది. జూన్ 15 దాకా ఒకటి, సెప్టెంబర్ 15 దాకా ఇంకోటి, అలా. 2025-26లో ఎక్కువమందికి మొదటి రెండు గళ్లతోనే అయిపోతుంది, ఆగస్టు తర్వాత ఆటే లేదు కదా.

హోస్ట్: అసలు సమస్య ఇక్కడుంది అక్కా. మన దగ్గర తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి ఇవి నిషేధం. లొకేషన్ మార్చి ఆడినవాళ్లున్నారు. "చట్టవిరుద్ధమైనదాన్ని రిటర్న్‌లో రాస్తే ఒప్పుకున్నట్టే కదా?" అని వాళ్ల టెన్షన్.

సీఏ: ఆదాయం న్యాయంగా వచ్చిందా లేదా అని ఆదాయపు పన్ను చట్టం చూడదు. వచ్చిందంటే పన్నే. టీడీఎస్ కోసిన రోజే సమాచారం పాన్ మీదకు ఎక్కింది. నువ్వు రాయకపోతే అది మాయం కాదు, రిటర్న్‌కీ ఏఐఎస్‌కీ తేడా వస్తుంది, అంతే. ఆదాయం తక్కువ చూపితే ఆ పన్ను మీద 50 శాతం పెనాల్టీ, తప్పుడు లెక్క చూపితే 200 శాతం. నిషేధ చట్టాల కింద ఎవరికి భయముంటే వాళ్లు లాయర్‌ని అడగాలి. అది నా పని కాదు.

హోస్ట్: విదేశీ బెట్టింగ్ యాప్‌లు టీడీఎస్సే కోయవుగా?

సీఏ: కోయకపోయినా పన్ను నీదే. అక్కడింకో తలనొప్పుంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడి ఖాతా నుంచి నీ ఖాతాలో డబ్బు పడుతుంది. ఎక్కడిదని అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. 2025-26లో వివరం చెప్పలేని జమకు పడే పన్ను ఈ ముప్పై శాతం కన్నా చాలా భారీగా ఉంటుంది.

హోస్ట్: ఆఖరి ప్రశ్న. "నాన్న పాన్‌తో కేవైసీ చేసి ఆడాను. ఆయన రిటైర్డ్ టీచర్. ఇప్పుడు ఆయన ఏఐఎస్‌లో కనిపిస్తోంది. ఆయనకు తెలియకుండా సర్దొచ్చా?"

సీఏ: సర్దలేం. ఆయన పెన్షన్ రిటర్న్ ప్రతి ఏడాదీ ఐటీఆర్-1లో వేస్తుంటే ఈసారి ఫారమే మారిపోతుంది, ఆడిటర్ అడగనే అడుగుతాడు. ఈ సమాచారం నాది కాదని ఏఐఎస్‌లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది. కానీ డబ్బు పడ్డ బ్యాంకు ఖాతా కూడా నాన్నదేనా?

హోస్ట్: అవునని రాశాడు.

సీఏ: అయితే ఆ ఫీడ్‌బ్యాక్ నిలవదు. ఆ అబ్బాయి ఈ సాయంత్రమే నాన్నతో కూర్చుని మాట్లాడాలి. జులై 31 గడువు దాకా ఆగితే ఆయన తన పాత ఫారంతో రిటర్న్ వేసేస్తాడు, తర్వాత రివైజ్ చేయాలి. పాత ఏడాదివైతే గడువులు దాటాక సరిదిద్దుకునే అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది, నాలుగేళ్ల దాకా వేయొచ్చు, ఆలస్యాన్ని బట్టి 25 నుంచి 70 శాతం దాకా అదనపు పన్ను. ఒక్క మాట, ఆ దారిలో రీఫండ్ అడగడానికి లేదు. రీఫండ్ కావాల్సినవాళ్లు గడువు తప్పకండి.

హోస్ట్: విన్నారుగా. స్టేట్‌మెంట్లు దించుకోవడంలో ఎక్కడైనా చిక్కొస్తే మాకు రాయండి. వచ్చే వారం ఇల్లు అమ్మిన డబ్బు మీద పన్ను గురించి మాట్లాడదాం. ఉంటాం మరి.