30 ఏళ్ళు దాటిన లెదర్ బ్యాగుని సింకులో ముంచొచ్చా? | న్యూజెర్సీ వ్లాగ్

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఇవాళ వంట లేదు, గ్రోసరీ షాపింగ్ లేదు. కిచెన్ కౌంటర్ మీద పాత టవల్ పరిచి, దాని మీద ఈ బ్యాగు పెట్టుకుని కూర్చున్నాను. మా ఇంటి దగ్గర థ్రిఫ్ట్ స్టోర్‌లో 12 డాలర్లకి దొరికింది. కోచ్ అనే అమెరికన్ కంపెనీ వాళ్ళ పాత బ్యాగు. గోధుమరంగు, పైన ఫ్లాప్, మధ్యలో తిప్పితే తెరుచుకునే ఇత్తడి లాక్, భుజానికి పొడుగు పట్టీ. దగ్గరగా చూడండి: ఫ్లాప్ అంచు నల్లబడింది, పట్టీ ఎండిపోయి చెక్కలాగా బిగుసుకుపోయింది, లోపల సిగరెట్ వాసన. మా అత్తయ్య హనుమకొండ దగ్గర నుంచి మొన్ననే వచ్చారు. ఆవిడ దీన్ని చేతిలోకి తీసుకుని ఒకటే మాట అన్నారు, "గింత మంచి తోలు ఎవరు పారేసిన్రు బిడ్డా?"

నాకూ అదే అనిపించింది. అందుకే కొన్నాను.

నీళ్ళు, సబ్బు సంగతికి వెళ్ళే ముందు ఒక విషయం గట్టిగా చెప్పాలి. పాత లెదర్ బ్యాగుల క్లీనింగ్ వీడియోలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. బ్యాగు సింకులో పడేయడం, బయటికి తీయడం, క్రీమ్ రాయడం, మెరిసిపోవడం. అవి చూసి ఇంట్లో ఉన్న ఏ బ్యాగైనా తీసుకెళ్ళి నీళ్ళలో ముంచేస్తే అది పాడైపోతుంది. ముందు ఆ బ్యాగు ఎలా తయారైందో తెలుసుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి. ఈ బ్యాగుని ముంచే ధైర్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, దీన్ని కుట్టిన పద్ధతి నుంచే వచ్చింది.

లోపల చూడండి. లైనింగ్ గుడ్డ లేదు. తోలు వెనక వైపు అలాగే గరుగ్గా కనిపిస్తోంది. అట్ట లేదు, ఫోమ్ లేదు, జిగురుతో అతికించిన పొరలు లేవు. ఒకే మందం తోలు, దారం, ఇత్తడి, అంతే. లోపలి జేబు కింద ఒక ముద్ర ఉంది, న్యూయార్క్ సిటీలో తయారైనట్టు రాసి ఉంది, కింద అంకెలతో నంబరు. 1994 నుంచి వచ్చిన బ్యాగుల నంబరు అక్షరంతో మొదలవుతుంది: మొదటి అక్షరం నెల, పక్కన అంకె సంవత్సరం. దీంట్లో ఆ అక్షరాలు లేవు కాబట్టి అంతకు ముందుదే.

ఈ కంపెనీ కథ కూడా క్లీనింగ్‌కి పనికొస్తుంది కాబట్టి చెప్తాను. 1941లో మన్‌హట్టన్‌లో ఒక చిన్న వర్క్‌షాపుగా మొదలైంది. అప్పట్లో ఎక్కువగా మగవాళ్ళ పర్సులే చేసేవాళ్ళు. మైల్స్ కాన్, లిలియన్ కాన్ అనే భార్యాభర్తలు అక్కడ పనిచేస్తూ, 1961లో దాన్ని సొంతం చేసుకున్నారు. బేస్‌బాల్ గ్లవ్ వాడేకొద్దీ మెత్తబడి చేతికి ఒదిగిపోవడం గమనించిన మైల్స్ కాన్, బ్యాగులకి కూడా అలాంటి తోలే కావాలని పట్టుబట్టారట. ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగులు చేద్దామన్న ఆలోచన లిలియన్ గారిది. 1962లో బానీ కాషిన్ అనే డిజైనర్ని తీసుకున్నారు. ఈ తిప్పే లాక్ ఆవిడ తెచ్చిందే. మడతపెట్టే తన కారు టాప్‌ని బిగించే తిరుగుడు గొళ్ళేలను చూసి, వాటినే బ్యాగుకి పెట్టారు. 1985లో కాన్ దంపతులు కంపెనీని సారా లీ సంస్థకి అమ్మేశారు. మేముండే ఊరి నుంచి ట్రైన్ ఎక్కితే ఆ పాత ఫ్యాక్టరీ ఉన్న వెస్ట్ 34వ వీధి ఎంతో దూరం కాదు. హడ్సన్ నదికి అవతలి ఒడ్డున కుట్టిన బ్యాగు, ఇవతలి ఒడ్డున మన వంటింట్లోకి వచ్చింది.

సరే, పరీక్షలు. బయటికి కనిపించని చోట, ఫ్లాప్ లోపల, ఒక నీటి చుక్క వేశాను. అది మెల్లగా ఇంకి అక్కడ ముదురు మచ్చ పడింది, ఆరాక పోయింది. అంటే పైన ప్లాస్టిక్ లాంటి మందపాటి పూత లేదు. తర్వాత తెల్లటి తడి గుడ్డతో రుద్దాను. కాస్త రంగు అంటింది. కాస్తయితే ఫర్వాలేదు. ఎర్ర బ్యాగులు మాత్రం విపరీతంగా రంగు వదులుతాయి, వాటిని నేను ముంచను, తడి గుడ్డతో తుడవడం వరకే. ఇంకో పరీక్ష, తోలుని మెల్లగా వంచి చూడటం. వంచిన చోట పగిలినా, వేలికి ఎర్రటి పొడి అంటినా ఆ తోలులో నారే చచ్చిపోయినట్టు. దాన్ని ఏ క్రీమూ వెనక్కి తీసుకురాదు, నీళ్ళు తగిలితే ఇంకా త్వరగా పోతుంది. స్వేడ్ అనే నూగు తోలు, పాము తోలు, లైనింగ్ ఉన్నవి, అట్ట పెట్టి నిలబెట్టినవి, ఇవేవీ నీళ్ళలోకి వద్దు. మ్యూజియంలలో పనిచేసే కన్జర్వేటర్లయితే అసలు ముంచడానికే ఒప్పుకోరు, వాళ్ళ మాటలో న్యాయం ఉంది. చారిత్రక వస్తువైతే నేనూ ముట్టుకోను. ఇది రోజూ ఆఫీసుకి మొయ్యాల్సిన బ్యాగు, లోపల దశాబ్దాల పొగ వాసన ఉంది. తుడిస్తే పోయేది కాదు.

లోపల వాక్యూమ్ చేశాను. మూలల్లో పుదీనా బిళ్ళ కాగితం, ఒక పెన్ను మూత, చాలా దుమ్ము. కుట్ల వెంబడి మెత్తటి టూత్‌బ్రష్‌తో దులిపాను.

ఇప్పుడు సింక్. నీళ్ళు గోరువెచ్చగానే ఉండాలి, వేడిగా అస్సలు వద్దు. తడిసిన తోలుకి వేడి తగిలితే ముడుచుకుపోతుంది, ఆ ముడత మళ్ళీ విప్పుకోదు. సబ్బు విషయంలో కూడా జాగ్రత్త అండీ. తోలు స్వభావం కాస్త ఆమ్లం వైపు ఉంటుంది. బట్టల సబ్బు, ఒంటి సబ్బు క్షారం, అవి తోలుని గట్టిపరుస్తాయి. గిన్నెలు తోమే లిక్విడ్ చాలావరకు మధ్యస్థంగా ఉంటుంది, అది కొన్ని చుక్కలు చాలు. బ్యాగుని మెల్లగా లోపలికి దించుతున్నాను. బుడగలు వస్తున్నాయి చూశారా? తోలు నీళ్ళు తాగుతోంది. మెత్తటి గుడ్డతో గుండ్రంగా, వత్తకుండా తుడవాలి. ఫ్లాప్ అంచు, పట్టీ లోపలి వైపు, ఈ రెండు చోట్లే చేతి చెమట, నూనె ఎక్కువగా పేరుకుంటాయి. కెమెరా కాస్త కిందికి పెడతాను, నీళ్ళు చూడండి. ఫిల్టర్ కాఫీ డికాషన్ రంగు. అందులో కాస్త అద్దకం రంగు కూడా ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. నీళ్ళు మార్చి, సబ్బు పూర్తిగా పోయేదాకా కడగాలి. నానబెట్టి వేరే పనికి వెళ్ళిపోవద్దు, పక్కనే ఉండి చేసి బయటికి తీసేయాలి.

పిండకూడదు. టవల్‌లో చుట్టి అదిమితే చాలు. తర్వాత లోపల తెల్లటి చేతి తువ్వాళ్ళు కూరి, ఫ్లాప్ మూసి, మూలలు చేత్తో సర్దాలి. తడిగా ఉన్నప్పుడు ఏ ఆకారంలో పెడితే ఆరాక అదే ఆకారం. న్యూస్‌పేపర్ కూరొద్దు, ఇంకు అంటుతుంది. పట్టీ పట్టుకుని వేలాడదీయొద్దు, సాగిపోతుంది. ఇక్కడ చలికాలం ఇంట్లో హీటర్ నడుస్తూనే ఉంటుంది కదా, దాని పక్కన పెడితే తొందరగా ఆరుతుందని అనిపిస్తుంది. వద్దండీ. ఎండ, హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు. గాలి తగిలే నీడలో రెండు మూడు రోజులు, మధ్యమధ్యలో లోపలి తువ్వాళ్ళు మారుస్తూ ఉండాలి. ఈ పని మొత్తంలో కష్టమైంది ఈ ఎదురుచూడటమే. చెయ్యి ఊరుకోదు.

బ్యాగు ఆరుతుండగా అత్తయ్య చెప్పిన సంగతి మీతో పంచుకోవాలి. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ ఊరి చివర లందలు, అంటే తోళ్ళు ఊరబెట్టే తొట్లు, ఉండేవట. పచ్చి తోళ్ళని సున్నపు నీళ్ళలో వేసి వెంట్రుకలు ఊడేలా చేసి, ఆ తర్వాత తంగేడు చెక్క నానిన నీళ్ళలో ఊరబెట్టేవాళ్ళు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు ఉంది కదా, ఆ చెట్టు బెరడే. అందులో ఉండే టానిన్ తోలుని కుళ్ళకుండా నిలబెడుతుంది. ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళు ఇంగ్లండు దాకా ఎగుమతి అయ్యేవి. ఊళ్ళో ఆ పని చేసింది మాదిగ కుటుంబాలు. చెప్పులు, మోట బొక్కెనలు, డప్పులు, అన్నీ వాళ్ళ చేతుల మీదే తయారయ్యేవి. ఆ చేతులకి దక్కాల్సిన గౌరవం మాత్రం ఊరు ఇవ్వలేదు. న్యూయార్క్‌లో కుట్టిన తోలు బ్యాగుకి అందరం ముచ్చటపడతాం. అలాంటి నైపుణ్యమే మన ఊళ్ళలో ఉన్నప్పుడు దాన్ని ఊరి బయట కూర్చోబెట్టాం. అత్తయ్య చెప్తుంటే నాకు చాలాసేపు మాట రాలేదు.

మళ్ళీ బ్యాగు దగ్గరికి వద్దాం. పూర్తిగా ఎండకముందే, చేతికి కాస్త చల్లగా తగులుతున్నప్పుడే కండిషనర్ రాయాలి. నీళ్ళు ఆరిపోతూ తోలులో ఉన్న కొవ్వుని కూడా కొంత తీసుకుపోతాయి, లోపలి నారలు ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకుంటాయి. కండిషనర్ వాటి మధ్యకి వెళ్ళి మళ్ళీ జారేలా చేస్తుంది. లానోలిన్ (గొర్రె ఉన్నిలోంచి తీసే కొవ్వు), తేనెమైనం ఉన్నది నేను వాడుతున్నాను. పలచగా రాసి, రాత్రంతా వదిలేసి, పొద్దున పొడి గుడ్డతో తుడిచి, అవసరమైతే ఇంకోసారి. పట్టీ ఎక్కువ తాగింది. ఇప్పుడు వంచి చూపిస్తాను, మొదట్లో చెక్కలా ఉన్నది వేలికి చుట్టుకుంటోంది. లోపలి గరుకు వైపు మాత్రం రాయొద్దు, జిడ్డు పట్టి పెట్టిన వస్తువులకి అంటుతుంది.

కొబ్బరి నూనె రాయొచ్చు కదా అనుకునేవాళ్ళు మన ఇళ్ళల్లో తప్పకుండా ఉంటారు. రాయకండి. కొబ్బరి నూనె 24 డిగ్రీలకి అటూ ఇటూగా గడ్డకడుతుంది, ఈ చలిలో తోలు రంధ్రాల్లోంచి తెల్లగా పైకి తేలుతుంది. ఆలివ్ నూనె అయితే కొన్నాళ్ళకి మక్కు వాసన. వంటనూనెలు వంటకే.

ఇత్తడి దగ్గర అత్తయ్యకీ నాకూ చిన్న చర్చ జరిగింది. "చింతపండు పెట్టి తోము బిడ్డా, తళతళ మెరుస్తది" అన్నారు. బిందె అయితే నేనూ అదే చేసేదాన్ని. చింతపండు పులుపు ఇత్తడి మీద నల్లదనాన్ని కరిగిస్తుంది, నిజమే. కానీ ఈ లాక్ తోలులో బిగించి ఉంది, ఆ పులుసు కారి తోలులోకి ఇంకితే మచ్చ పోదు. అందుకని లాక్ చుట్టూ ప్లాస్టిక్ కాగితం దోపి, పాలిష్ పూసిన గుడ్డతో రుద్దుతున్నాను. లాక్ మెడ దగ్గర చూడండి, ఆకుపచ్చగా మైనంలా చిలుము పేరుకుంది. తోలులోని కొవ్వు, ఇత్తడిలోని రాగి కలిసి ఇలా అవుతుంది. పిన్నీసు వాడితే గీతలు పడతాయి. చెక్క టూత్‌పిక్ మొన తిప్పుతూ తీస్తే ఇలా ముద్దలా వచ్చేస్తుంది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని ఆ పని తన చేతిలోకి తీసుకున్నారు, నాకన్నా శుభ్రంగా చేశారు. ఇంత మురికి కింద ఉన్నది నికార్సైన ఇత్తడి, పైపూత కాదు, అందుకే రుద్దేకొద్దీ మెరుస్తోంది. పూత పూసిన లాక్ అయితే ఇలా రుద్దితే పూత లేచిపోతుంది.

వాసన చాలావరకు పోయింది. మిగిలింది పోవడానికి ఒక పెద్ద డబ్బాలో బ్యాగు, పక్కన చిన్న గిన్నెలో వంటసోడా పెట్టి మూత పెట్టాను.

లోపలి జేబులో బాల్‌పెన్ గీత ఒకటి ఉంది. స్పిరిట్‌తో తీయొచ్చు, దాంతోపాటు రంగు కూడా పోతుంది. అలాగే వదిలేశాను. ముందువైపు గోటి గీతలు, మూలల అరుగుదల కూడా అంతే. కొంతమంది వీటి మీద రంగు పూసి కొత్తదానిలా చేస్తారు. నాకు అది నచ్చదు. ఆ గీతలు ఎవరో ఈ బ్యాగుని రోజూ వాడుకున్న గుర్తులు, అవి కనిపించకపోతే నేను కొత్త బ్యాగే కొనుక్కునేదాన్ని.

ఇండియాలో చూస్తున్నవాళ్ళకి ఒక మాట. మీ దగ్గర పాత హైడిజైన్ కంపెనీ బ్యాగులాంటిది ఏదైనా ఉంటే, లోపల గుడ్డ లైనింగ్ ఉంటుంది చూసుకోండి, అది నీళ్ళలోకి వద్దు. తడి గుడ్డ, పొడి గుడ్డ, పలచగా కండిషనర్, అంతే. మంచి బ్యాగు అని పాలిథిన్ కవర్లో కట్టి బీరువాలో దాచకండి. వానాకాలం వచ్చేసరికి బూజు పట్టేది అందుకే. పాత కాటన్ దిండు గలీబులో పెట్టి, నెలకోసారి బయటికి తీసి గాలికి ఉంచండి. బూజు పట్టేస్తే ఇంట్లో దులపకండి, బయటికి తీసుకెళ్ళి పొడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి.

ఒక్క పని మిగిలింది. పట్టీ ఉంగరంలోకి వెళ్ళే చోట కుట్టు నాలుగు పోగులు తెగింది. బరువంతా పడేది అక్కడే. మైనం పట్టిన దారంతో, పాత రంధ్రాల్లోంచే రెండు సూదులతో కుట్టాలి. మా డౌన్‌టౌన్‌లో ఒక పెద్దాయన చెప్పులు, బూట్లు బాగుచేసే షాపు నడుపుతారు, ఆయన దగ్గరికి వెళ్తున్నాను. ఆయన ఒప్పుకుంటే ఆ కుట్టు కూడా షూట్ చేసి పెడతాను. అప్పటిదాకా ఇందులో లాప్‌టాప్ పెట్టను, ఫోను, తాళాలు, అత్తయ్య కళ్ళజోడు పెట్టె వరకే. ఉంటానండీ.