ఇంట్లోనే ఉండి బూజు దులిపేదెవరు, వేరు కాపురం పెట్టేదెవరు? ప్యూరిటన్ల అసలు కథ

“మేఫ్లవర్ ఓడలో ప్యూరిటన్లు వెళ్లి, అందరికీ మతస్వేచ్ఛ ఉండాలని అమెరికాలో స్థిరపడ్డారు.” ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఒక ఉమ్మడి కుటుంబం అనుకోండి. ఇల్లు ఇంగ్లండ్ చర్చి, పెత్తనం రాజుగారిది. ఆదివారం చర్చికి రాకపోతే ఒక షిల్లింగ్ జరిమానా. ప్యూరిటన్లేమో, “ఇల్లు మనదే, పాత కేథలిక్ బూజు దులిపితే చాలు” అన్నారు. సెపరేటిస్టులనే చిన్న గుంపు మాత్రం, “ఎంత దులిపినా ఇంతే, వేరు కాపురం పెట్టేద్దాం” అంది. మేఫ్లవర్ ఎక్కింది వీళ్లు. ఓడలో ఉన్న 102 మందిలో బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లూ బోలెడు మంది.

అంతకుముందే ఈ సెపరేటిస్టులు హాలండ్ వెళ్లి, 1609 నుంచి లైడెన్‌లో ఉన్నారు. ప్రార్థనలకి అక్కడ అడ్డేమీ లేదు. మరి ఎందుకు కదిలారు? నేతపనితో ఒళ్లు హూనం, పైగా పిల్లలు డచ్చివాళ్లలా తయారవుతున్నారు. (డాలస్‌లో ఉన్న మనవాళ్లకి ఈ టెన్షన్ నేను చెప్పక్కర్లేదు.) అలా 1620లో అమెరికాలోని ప్లిమత్ చేరారు.

అసలు ప్యూరిటన్ల వలస 1630లో, జాన్ విన్‌త్రాప్ వెంట 11 ఓడల్లో మొదలైంది. పదేళ్లలో సుమారు 20 వేల మంది వచ్చారు. ఇంగ్లండ్‌లో శిక్షలు పడతాయన్న వీళ్ల భయం ఉత్తదేం కాదు. లండన్‌లో అప్పటికే ఓసారి చెవులు కోయించుకున్న విలియం ప్రిన్, మళ్లీ బిషప్‌లని తిడుతూ రాశాడని 1637లో ఆ మిగిలిన ముక్కలు కూడా కోసేశారు.

కానీ ఈ ప్యూరిటన్లు అమెరికాలోని బోస్టన్‌లో సొంత ఇల్లు కట్టుకోగానే కోడలు కాస్తా అత్తగారైంది. ఎదురు మాట్లాడిన రోజర్ విలియమ్స్‌ని 1635లో వెలివేశారు. 1659లో క్రిస్మస్ పండగ చేసుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా పెట్టారు. రేటు కూడా పెంచారన్నమాట!

అదే ఏడాది అక్టోబరులో క్వేకర్ (పాస్టర్లు అక్కర్లేదనే క్రైస్తవ శాఖ) మతస్థురాలు మేరీ డైయర్‌ని ఉరికంబం ఎక్కించారు. ఇద్దరు సహచరులు ఆమె కళ్లముందే వేలాడుతున్నారు. ముఖానికి కప్పిన చేతిరుమాలు ఒకప్పటి ఆమె పాస్టర్ జాన్ విల్సన్‌ది. మెడకి తాడు బిగించాక, చివరి నిమిషంలో క్షమాభిక్ష అని దింపి ఊరు దాటించారు. ఆవిడ మళ్లీ వచ్చింది! 1660 జూన్ 1న ఉరి తీసేశారు.

టైం అయిపోతోంది, వీళ్లే వెలివేసిన ఇంకో మహిళ ఆన్ హచిన్సన్ కథ ఇంకో వీడియోలో చెప్తా. ఇది మాత్రం విని వెళ్లండి: క్వేకర్లని ఉరి తియ్యొద్దని 1661లో లండన్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది రెండో చార్లెస్, వీళ్లు ఏ రాజు పెత్తనం పడలేక ఇల్లు వదిలొచ్చారో ఆయన కొడుకు.