చీటీ వెనుక వైపు

సభాధ్యక్షులకు, గ్రంథాలయ సిబ్బందికి, విద్యార్థులకు, పరిశోధకులకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తక పఠనం గురించి మాట్లాడటం ఆనవాయితీ. చదివాక రాసుకునే నోట్సు గురించి, అందులో బ్యాక్‌లింకులు వెతుక్కోవడం గురించి మాట్లాడతానని నేనే అడిగాను. నిర్వాహకులు ఒప్పుకున్నందుకు కృతజ్ఞతలు.

ఒక నోట్సులో మరో నోట్సు పేరు ప్రస్తావిస్తే అది లింకు. ఆ రెండో నోట్సు తెరిచినప్పుడు దాన్ని ఎక్కడెక్కడ ప్రస్తావించామో అక్కడే కనిపిస్తే అది బ్యాక్‌లింకు. లింకు మనమే పెడతాం కాబట్టి అది మనకు తెలుసు. కానీ ఏళ్ల తరబడి వేర్వేరు పనుల్లో ఉండగా రాసుకున్న నోట్సుల్లో ఎన్ని ఒకే చోటికి దారి తీస్తున్నాయో మనకు గుర్తుండదు, వెతికితే తప్ప తెలియదు.

ఈ అవసరం కంప్యూటర్లతో పుట్టింది కాదు. అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన 1873లో, ఒక పాత తీర్పును తరువాతి తీర్పులు ఏవేవి ఉదహరించాయో జిగురు కాగితాల మీద అచ్చువేసి న్యాయవాదులకు అమ్మడం మొదలుపెట్టాడు. వారు వాటిని తమ పుస్తకాల్లో ఆ తీర్పు పక్కనే అతికించుకునేవారు. ఒక తీర్పు ఇంకా చెల్లుతుందా లేదా అన్న సంగతి ఆ తీర్పులో ఉండదు, దాని తరువాత వచ్చిన వాటిలోనే ఉంటుంది. ఆ పద్ధతి ఆదర్శంగానే యూజీన్ గార్‌ఫీల్డ్ శాస్త్ర పరిశోధన వ్యాసాలకు అలాంటి సూచికను 1964లో తెచ్చాడు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ నడిపిన తొలి వికీలో, అంటే చదివేవారే దిద్దగలిగే వెబ్‌సైటులో, పేజీ శీర్షికను నొక్కితే దాన్ని ప్రస్తావించిన పేజీలన్నీ వచ్చేవి. మన తెలుగు వికీపీడియాలో “ఇక్కడికి లింకున్న పేజీలు” చేసే పని కూడా అదే.

నాకు ఈ పద్ధతి నేర్పినవారు మాత్రం కంప్యూటరు ముట్టని మా మాస్టారు. ఆయన శాసనాలు చదివి చీటీల మీద రాసుకునేవారు. చీటీ ముందు వైపు విషయం, వెనుక వైపు దాన్ని ప్రస్తావించిన ఇతర చీటీల సంఖ్యలు. కొత్త చీటీ రాసిన ప్రతిసారీ, అందులో పేరు వచ్చిన పాత చీటీలన్నిటినీ బయటికి తీసి, వాటి వెనుక కొత్త సంఖ్య వేసి, మళ్లీ పెట్టెలో వాటి చోటనే పెట్టేవారు. ఇంత శ్రమ ఎందుకని అడిగితే ఒక చెరువు చీటీ తీసి చూపించారు. ముందు వైపు ఊరి పేరు, చెరువు పేరు తప్ప ఏమీ లేదు. వెనుక వైపు మాత్రం ఖాళీ లేదు. దాన శాసనాల్లో ఇచ్చిన భూమికి ఎల్లలు చెబుతారు కదా, వేర్వేరు దానాల్లో, వేర్వేరు కాలాల్లో, ఆ చెరువు ఎల్లగా వస్తూనే ఉంది. దాని మీద పరిశోధించాలని ఆయన ఏనాడూ అనుకోలేదు. తన చీటీలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయని ఆ వెనుక వైపు చూశాకే గ్రహించి, చివరి ఏళ్లు ఆ చెరువు ఆయకట్టు చరిత్రకే వెచ్చించారు.

నేను రాసుకొచ్చిన కాగితంలో దీని తరువాత నోట్సు రాసుకునే సాఫ్ట్‌వేర్ల పోలిక ఉంది. దాన్ని వదిలేస్తాను. ఆబ్సిడియన్ అయినా, లాగ్‌సెక్ అయినా, ఆర్గ్-రోమ్ అయినా మీరు లింకు పెట్టిన చోట బ్యాక్‌లింకు చూపిస్తాయి. లింకు పెట్టకుండా పేరు మాత్రమే రాసిన చోట్లను పట్టుకోవడంలోనే మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఉంది, దాని గురించి మనం తప్ప ఎవరూ ఆలోచించరు. “శాసనం” అని వెతికితే శాసనాన్ని, శాసనానికి, శాసనాలు అని రాసిన చోట్లు రావు. “శాసన” అని వెతికితే అవన్నీ వస్తాయి, వాటితోపాటు శాసనసభ కూడా వస్తుంది. “ఓరుగల్లు” అని వెతికితే “ఓరుగంటి కోట” దొరకదు. వరంగల్, ఏకశిలానగరం అసలే దొరకవు. సాఫ్ట్‌వేర్ వంటి మాటల మధ్య కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది; ఒకచోట అది ఉండి, మరోచోట లేకపోతే యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. మాస్టారికి ఓరుగంటి, ఓరుగల్లు ఒకటేనని తెలుసు. యంత్రానికి మనం చెప్పాలి.

అందుచేత విద్యార్థులు దయచేసి రాసుకోండి. లింకు రాసేటప్పుడే పెట్టండి, తరువాత వెతుకుదామని వదలవద్దు. ఆబ్సిడియన్‌లో అయితే [[శాసనం|శాసనాన్ని]] అని రాయండి: గీతకు ఎడమ వైపుది నోట్సు పేరు, కుడి వైపుది వాక్యంలో కనిపించే రూపం. ప్రతి నోట్సు పైన దాని మారుపేర్లు ఇవ్వండి. నెలకొకసారి ఎక్కువ బ్యాక్‌లింకులు ఉండి, లోపల ఏమీ రాయని నోట్సులు ఏవో చూడండి. మీరు తరువాత చేయవలసిన పని చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇక నేను నిజంగా చెప్పాలనుకుని వచ్చిన మాట. మాస్టారు పోయిన తరువాత ఆయన చీటీలను ఒక సంస్థ స్కాన్ చేసింది. ముందు వైపు మాత్రమే చేసింది. వెనుక ఉన్నవి ఉత్త అంకెలే కదా అని వదిలేశారట. ఆ చెరువు చీటీని ఇప్పుడు తెరపై తెరిస్తే రెండు పేర్లు కనిపిస్తాయి, అంతే. ఒక మనిషి జీవితకాలమంతా వేసిన లంకెలన్నీ లేకుండా పోయినట్టే కనిపిస్తున్నాయి. అయితే అవి పోలేదు. పెట్టెలు ఇప్పటికీ వారి ఇంట్లో భద్రంగా ఉన్నాయి, వెనుక వైపులు ఫొటో తీసుకోవడానికి కుటుంబం సమ్మతించింది. ఆ అంకెలు టైపు చేస్తే ప్రతి చీటీ ఒక నోట్సుగా, ప్రతి అంకె ఒక లింకుగా మారుతుంది. ఈ పనికి తెలుగు చదవగలిగినవారు, ఆదివారాలు కొంత సమయం ఇవ్వగలిగినవారు కావాలి. సభ ముగిశాక నేను ఈ వేదిక పక్కనే ఉంటాను. వచ్చి మీ పేరు ఇవ్వండి.