గట్టు ఎవరిది వారిదే, నీరు అందరిదీ

శ్రోతలందరికీ నమస్కారం.

2022లో ఒక పెద్ద మార్పు జరిగింది. వేటాడి పట్టిన చేపలు, రొయ్యలు, గుల్లల కంటే పెంచి తీసినవి ఎక్కువయ్యాయి. ఆ ఏడాది ప్రపంచంలో జలచరాల ఉత్పత్తిలో 51 శాతం, అంటే 9 కోట్ల 44 లక్షల టన్నులు, సాగు నుంచే వచ్చాయని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క. అందులో మంచినీటి చెరువుల వాటాయే ఎక్కువ. నేను ఈ రోజు మాట్లాడేది మాత్రం సముద్రం అంచున సాగే పెంపకం గురించి. అందులోనూ, ఆ పెంపకం నిలబడాలని ప్రయోగశాలకీ చెరువు గట్టుకీ మధ్య తిరిగే మనుషుల గురించి.

తీరంలో ఈ సాగుకు ఓ చిక్కుంది. గట్టు ఎవరిది వారిదే, నీరు మాత్రం అందరిదీ. ఒకరు వదిలేసిన నీటినే కాలవలోంచి పక్కవారి మోటారు తోడుకుంటుంది. ఒక్క రైతుకు ఎంత గొప్ప సలహా ఇచ్చినా చుట్టూ ఉన్నవారికి అందకపోతే అది సగం సలహాయే.

ముందు ఆల్చిప్పల సంగతి చెబుతాను. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్ర తీరాన విస్కీ క్రీక్ అనే హేచరీ ఉంది. ఆల్చిప్పల పిల్లల్ని పొదిగించి సాగుదారులకు అమ్ముతారు. 2007 నుంచి అక్కడ తొట్లకు తొట్లు పిల్లలు చచ్చిపోసాగాయి. మొదట బ్యాక్టీరియాను అనుమానించి నీటిని శుద్ధి చేసే ఏర్పాట్లు చేశారు. అయినా చావులు ఆగలేదు. హేచరీలో పనిచేసే అలన్ బార్టన్‌కు అనుమానం నీటి మీదికే పోయింది. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో సముద్ర శాస్త్రవేత్త బర్క్ హేల్స్‌తో కలిసి నీటి నమూనాలు పరీక్షిస్తే సంగతి బయటపడింది.

వేసవిలో ఉత్తరపు గాలి వీచినప్పుడు ఆ తీరంలో పైనీరు సముద్రంలోకి జరిగి, అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. గాలిలో పెరుగుతూ వస్తున్న ఆ వాయువును సముద్రం పీల్చుకోవడం వల్ల పరిస్థితి ఇంకా ముదిరింది. అలాంటి నీటిలో చిప్ప కట్టడం కష్టం. ఆల్చిప్ప పిల్లకేమో పుట్టిన రెండు రోజుల్లోపే తొలి చిప్ప తయారు కావాలి. గుడ్డులోంచి తెచ్చుకున్న కొద్దిపాటి శక్తి ఆ ప్రయత్నానికే అయిపోతుంది.

పరిష్కారం వింటే ఇంతేనా అనిపిస్తుంది. రాత్రంతా నీటిలోని గడ్డి, నాచు కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి కాబట్టి తెల్లవారుజామున నీరు చెడ్డగా ఉంటుంది. పగటి ఎండలో అవే దాన్ని లాగేసుకుంటాయి కాబట్టి మధ్యాహ్నానికి మెరుగవుతుంది. అందుకని తొట్లు మధ్యాహ్నం నింపుకోవడం, నీటి ఆమ్లగుణం తగ్గించే సోడా యాష్ కలపడం, నీటి రసాయన స్థితిని ఎడతెగకుండా కొలిచే యంత్రం పెట్టుకోవడం. హేచరీ నిలదొక్కుకుంది. ఆ పరిశోధన 2012లో ప్రచురితమైంది. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేదేమిటంటే, ప్రశ్న హేచరీలోంచి పుట్టింది. తొట్లలో చేతులు పెట్టి పనిచేసే మనిషి అడగకపోతే, కొలవగలిగిన మనిషి కొలిచేవాడు కాదు.

రొయ్యల దగ్గరికి వస్తే పని ఇంత తేలికగా తేలదు. 2009 ప్రాంతంలో చైనాలో మొదలై వియత్నాం, మలేసియా, థాయిలాండ్, మెక్సికోలకు పాకిన ఈఎంఎస్, అంటే రొయ్యలు చిన్నప్పుడే చచ్చిపోయే జబ్బునే చూడండి. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, చెరువులో వేసిన నెలలోపే అవి చచ్చిపోయేవి. కారణం ఒక ప్రత్యేకమైన విబ్రియో బ్యాక్టీరియా అని అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం 2013లో తేల్చింది. ఆ తర్వాతే అసలు తలనొప్పి మొదలైంది. చెరువును క్రిమిసంహారకాలతో పూర్తిగా శుభ్రం చేస్తే, ఖాళీ అయిన నీటిలో అందరికంటే ముందు పెరిగేది విబ్రియోనే అని కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. నీటిలో మంచి సూక్ష్మజీవుల్ని స్థిరపడనివ్వండి, మేత మితంగా వేయండి, అడుగు మురికి తీయండి అన్నారు. నిన్నటిదాకా మందు కొట్టమని విన్న రైతుకు ఈ మాట ఎలా ఎక్కుతుంది? కరపత్రం పంచితే ఎక్కదు. ఒక చెరువులో చేసి చూపించాలి, పంట చేతికొచ్చేదాకా పక్కనే ఉండాలి.

చేసి చూపించిన ఉదాహరణ ఒకటి పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో దొరుకుతుంది. 1994 తర్వాత భారత తీరంలో తెల్లమచ్చ వైరస్ రొయ్యల చెరువుల్ని ఊడ్చేసింది. దానికి మందు లేదు, ఇప్పటికీ లేదు. 2000 తర్వాత సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా, ఆసియా పసిఫిక్ దేశాల ఆక్వాకల్చర్ సంస్థ నాకా కలిసి చిన్న రైతులతో ప్రయత్నం మొదలుపెట్టాయి. జబ్బు వచ్చిన చెరువుల్లో ఏం జరిగింది, రాని చెరువుల్లో ఏం జరిగింది అని ముందు పోల్చి చూశారు. దాన్నిబట్టి పద్ధతులు తయారు చేశారు. పంట అయ్యాక అడుగు నల్లమట్టి తీసేయాలి. నీరు సన్నటి వలగుడ్డలో వడగట్టి తోడుకోవాలి. సీడులో వైరస్ ఉందేమో పట్టిచ్చే పీసీఆర్ పరీక్ష చేయించి, కలిసి కొని, దగ్గర దగ్గర తేదీల్లో వేయాలి. జబ్బు పడిన చెరువు నీటిని కాలవలోకి వదలకూడదు, పక్కవారికి చెప్పాలి.

ఈ చివరి మాట చాలా కష్టం. నా చెరువులో జబ్బు వచ్చిందని బయటికి చెబితే కొనుగోలుదారు ధర తగ్గిస్తాడు. రైతు ఎందుకు చెబుతాడు? అందుకే ఒక కాలవ మీది రైతుల్ని ఆక్వా క్లబ్బులుగా కూర్చోబెట్టారు. దాచితే అందరికీ నష్టమని లెక్కలతో మాట్లాడుకున్నాక దాపరికం తగ్గింది. ఈ పనిని కొనసాగించడానికే 2007లో కాకినాడ కేంద్రంగా నాక్సా అనే సంస్థ ఏర్పడింది. వైరస్ గురించి కొత్తగా ఏమీ కనిపెట్టకుండానే నష్టం తగ్గించిన పని ఇది. పరిశోధన అంటే సూక్ష్మదర్శినే అనుకునేవాళ్లకు ఇది చిన్నదిగా కనిపించవచ్చు. నాకు మాత్రం చాలా పెద్ద పని.

ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. రైతుకు అర్ధరాత్రి రొయ్య తేలితే ఫోను ఎవరికి వెళ్తుంది? చాలాచోట్ల మేతలు, మందులు అమ్మేవారికి. వారు మంచివారే కావచ్చు, కానీ సలహాతో పాటు డబ్బా కూడా వస్తుంది. అనవసరంగా యాంటీబయోటిక్ వాడితే సరుకు దిగుమతి దేశంలో తిరస్కారానికి గురవుతుంది, మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఏమీ అమ్మని సలహాదారు అందుబాటులో ఉండటమే విస్తరణ సేవలకు, అంటే పరిశోధనను రైతు దగ్గరికి చేర్చే సేవలకు, ప్రజల డబ్బు ఖర్చుపెట్టడానికి నేను చూసే పెద్ద కారణం. మూడేళ్ల ప్రాజెక్టు ముగియగానే ఆ మనిషి వెళ్లిపోతే ఆ ఫోను మళ్లీ పాత నంబరుకే పోతుంది.

చివరగా ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త జర్జెన్ ప్రిమవేరా గురించి. ఇలోయిలోలోని ఆగ్నేయాసియా మత్స్య పరిశోధన కేంద్రంలో ఆమె టైగర్ రొయ్య మీద దశాబ్దాలు పనిచేశారు. ఆ రొయ్య కోసమే మడ అడవులు నరికి చెరువులు తవ్వుతుంటే చూసి, మడ వైపు తిరిగారు. చెరువులు వద్దని ఆమె అనలేదు. మడను ఉంచి పెంచే మార్గాలు వెతికారు. 2008లో టైమ్ పత్రిక ఆమెను పర్యావరణ వీరుల జాబితాలో చేర్చింది. మొక్కలు నాటే ఉత్సవాలంటే ఆమెకు కొంత కోపం. పొడవాటి కాయలు దొరుకుతాయి, గుచ్చడం సులువు అని ఒకే జాతిని, ఎప్పుడూ నీట మునిగి ఉండే బురదలో నాటుతారు, ఫొటోలు దిగుతారు, మొక్కలు చస్తాయి. నిజానికి అవి బతికే చోటు వదిలేసిన రొయ్యల చెరువులు. కానీ వాటి లీజులు ఎవరెవరి పేర్లనో ఉంటాయి. అందుకే ఆమె బృందం ఏ జాతి ఏ ఎత్తులో బతుకుతుందో ఊళ్లలో నేర్పుతూనే, లీజుల తగవులూ నెత్తిన వేసుకుంది. ఇలోయిలో దగ్గర లెగానెస్ అనే పట్టణంలో స్థానిక ప్రభుత్వం, ఊరి జనం కలిసిరావడంతో, పాడుబడిన చెరువుల గట్లు తెగి ఆటుపోట్లు మళ్లీ లోపలికి వచ్చే చోట మడ మొక్కలు నాటారు, అవి నిలిచాయి.

నమస్కారం.