హవానాలో జీతం లెక్క వేరు, కొట్టు లెక్క వేరు

[స్క్రీన్ మీద: గుడ్ల అట్ట, పక్కన జీతం అంకె]

వాయిస్: క్యూబా రాజధాని హవానాలో 2021 జనవరిలో కనీస వేతనం నెలకు 2,100 పెసోలు చేశారు. 2024లో ప్రైవేటు కొట్లో 30 గుడ్ల అట్ట 3,000 దాకా పలికింది. నెలంతా పనిచేసినా అట్ట గుడ్లు రావన్నమాట. మరి ఇల్లెలా గడుస్తోంది?

[గ్రాఫిక్: డాలరు రేటు 24 – 120 – 300]

ముందు డబ్బు సంగతి. 2021 జనవరి 1న మామూలు పెసో, డాలరుతో ముడిపెట్టిన పెసో అనే రెండు కరెన్సీల పద్ధతి ఎత్తేసి, డాలరుకు 24 పెసోలని ప్రభుత్వం ఖాయం చేసింది. ఆ రేటుకు అమ్మడానికి చేతిలో డాలర్లు ఉండాలిగా! కోవిడ్‌తో టూరిస్టులు ఆగిపోయారు, వెనెజ్వెలా చమురు తగ్గింది, అమెరికా ఆంక్షలు బిగిశాయి. ఎగుమతికి చక్కెరా లేదు: ఒకప్పుడు ఏడాదికి 80 లక్షల టన్నులు తీసిన దేశం 2021-22లో 5 లక్షలు కూడా తీయలేకపోయింది. తప్పంతా ఆంక్షలదే అంటే నమ్మబుద్ధి కాదు. చెరకు రైతుకు గిట్టుబాటు ధర లేదు, మిల్లులకు విడిభాగాలు లేవు.

2022 ఆగస్టులో అధికారికంగానే డాలరుకు 120 పెసోలన్నారు. 2024లో వీధి రేటు, అంటే బ్యాంకు బయట జనం మార్చుకునే రేటు, 300 దాటింది. ప్రైవేటు కంపెనీలు కంటైనర్లలో తెచ్చే చికెన్, నూనె ధరలు ఈ వీధి రేటు వెంటే పరిగెడతాయి.

[దృశ్యం: రేషన్ కొట్టు, గోడకు నల్లబోర్డు]

రేషన్ పుస్తకం 1962 నుంచి ఉంది. మన తెల్లకార్డులా పేదలకే కాదు, అందరికీ. మనిషికి నెలకు 7 పౌండ్ల బియ్యం, అంటే మూడు కిలోల పైచిలుకు. అదీ కాగితం మీద. ఏం వచ్చిందో బోర్డు చూస్తేనే తెలుస్తుంది. ఈ నెల సరుకు వచ్చే నెల దిగడం మామూలే. రోజుకో బన్ను 80 గ్రాములుండేది, 2024 సెప్టెంబరులో 60కి తగ్గించారు.

క్యూలో జనం వరసగా నిలబడరు, నీడ చూసుకుని చెదిరిపోతారు. కొత్తగా వచ్చినవాళ్లు "చివర ఎవరు?" అని కేకేస్తారు, ఒకరు చెయ్యెత్తుతారు. అక్కడితో ఆగకూడదు, "మీరు ఎవరి వెనక?" అని కూడా అడగాలి. ఆ చెయ్యెత్తిన మనిషి విసిగి ఇంటికెళ్లిపోతే మీ వంతు గల్లంతే. డబ్బు తీసుకుని ఇతరుల కోసం క్యూ కాసేవాళ్లూ ఉన్నారు. విదేశాల నుంచి డాలర్లు పంపే బంధువులు లేని పెన్షనర్లు విడి సిగరెట్లు, రేషన్ కాఫీ అమ్ముకుంటారు.

[క్లోజప్: లైటర్ అడుగు]

వాడి పారేసే లైటర్లు నింపడం ఇక్కడ లైసెన్సున్న వృత్తి. వాటికి నింపే వాల్వు ఉండదు కాబట్టి అడుగున చిన్న రంధ్రం చేసి వాల్వు బిగిస్తారు. గ్యాస్ నిండా పట్టించకూడదు. ఎండకు వ్యాకోచిస్తే వాల్వు దగ్గర కారుతుంది. చెకుముకి రాయి అరిగితే అదీ మారుస్తారు.

[దృశ్యం: చీకటి వీధి]

2024 అక్టోబరు 18న గితేరాస్ విద్యుత్ కేంద్రం ఆగి దేశమంతా చీకటైంది. కరెంటు పోతే పోయేది దీపాలే కాదు. మోటారు ఆడదు, పైన ట్యాంకుకు నీళ్లెక్కవు. 2005-06లో ప్రభుత్వమే ఇంటింటికీ ఎలక్ట్రిక్ కుక్కర్లు పంచింది, గ్యాస్ పైపు లేని ఇళ్లలో కరెంటు పోతే బొగ్గే గతి. అందుకే అర్ధరాత్రి కరెంటొచ్చినా లేచి ముందు మోటారు వేస్తారు, తర్వాత వంట. ఫ్రిజ్ ప్లగ్ మాత్రం తీసే ఉంచుతారు. వోల్టేజీ కుదుటపడకముందే పెడితే కంప్రెసర్ కాలిపోతుంది, కొత్తది డాలర్లు పెట్టి కొనాలి.